విజయవాడ రోడ్డు బ్రేకుల మిస్త్రి

నిరుడు వానాకాలంలో ఒక ఆదివారం ఎల్.బి.నగర్‌లో పంటి డాక్టరు దగ్గరికి వెళ్తూ సందులో ఒక చర్చి ముందు ఆగిపోయాను. గేటుకు సంతాపం ఫ్లెక్సీ కట్టి ఉంది. తెల్ల చొక్కాలో ఒక ముసలాయన ఫోటో. ముఖం చూసి గుర్తుపట్టలేదు. ఛాతీ మీద పెట్టుకున్న కుడిచేతిని చూసి గుర్తుపట్టాను. చూపుడువేలూ మధ్యవేలూ రెండూ పక్కకు వంగి ఉన్నాయి.

ఫోటో కింద పేరుంది. ఇన్నేళ్లుగా ఎరిగిన మనిషి పేరు అప్పుడే మొదటిసారి చదివాను. దాన్ని ఇక్కడ రాయను. ఆ పేరుతో ఆయన మా కొత్తపేటలో ఎవరికీ తెలియదు. మాకు ఆయన బ్రేకుల మిస్త్రి.

అప్పట్లో దిల్‌సుఖ్‌నగర్ దాటితే పట్నం అయిపోయినట్టే. కొత్తపేట తర్వాత రోడ్డుకు రెండు వైపులా ద్రాక్ష తోటలు, మధ్యలో విజయవాడ వెళ్లే రోడ్డు, ఆ రోడ్డు మీద లారీలు. ఇప్పుడు ఎల్.బి.నగర్ చౌరస్తా అంటున్న చోటికి కాస్త ఇవతల నాలుగు కర్రలు పాతి, పైన రేకులు వేసి ఆయన షెడ్డు పెట్టుకున్నాడు. నల్గొండ వైపు ఏదో పల్లె ఆయనది. పని ఎక్కడ నేర్చాడో ఎవరినీ అడగనిచ్చేవాడు కాదు. బ్రేకులు తప్ప ఇంకేదీ ముట్టేవాడు కాదు. ఎవరైనా ఇంజను కూడా జర చూడమంటే కసురుకునేవాడు.

"ఇంజను నడవకుంటే ఏమైతది? ఇంట్ల కూసుంటవ్. బ్రేకు పడకుంటేనే కత."

బండి రాగానే దాన్ని చూడకపోవడం ఆయన అలవాటు. ముందు తోలేవాణ్ణి చూసేవాడు. తిరగేసిన డబ్బా మీద వాణ్ణి కూర్చోబెట్టి, ఎదురుగా తాను గొంతుక్కూర్చుని మాట్లాడించేవాడు. ఒకసారి మలక్‌పేట టాక్సీ ఆయన వచ్చి, "బ్రేకులు సరిగ్గ లేవు మిస్త్రీ" అన్నాడు. అంతే, మిస్త్రి లేచి నిలబడ్డాడు.

"సరిగ్గ లేవంటే ఏంది? దవాఖానకు పోయి పాణం మంచిగ లేదంటే మందిస్తరా? ఏడ నొస్తున్నది, తిన్నంకనా, తినకముందా, గట్ల చెప్పాలె. పెడల్ ఏడిదాక పోతున్నది? ఒకసారి తొక్కితే పోయి, రెండోసారి తొక్కితే పట్టుకుంటున్నదా? కాలు కింద మెత్తగుంటున్నదా? తొక్కి పట్టుకుంటే మెల్లగ దిగుతున్నదా?"

టాక్సీ ఆయన ఆలోచించి, సిగ్నలు దగ్గర కాలు పెట్టి ఉంచితే పెడల్ నెమ్మదిగా కిందికి జారుతోందన్నాడు. మిస్త్రి ముఖం విప్పారింది.

"గది చెప్పు! పైన పెద్ద సిలిండరుల రబ్బరు పోయింది. నాలుగు చక్రాలు ఊడపీకినా దొరకదు. ఎవడన్న ఊడపీకిండా?"

అంతకుముందు ఎవరో పీకనే పీకారట. మిస్త్రి ఆ ఎవరినో ఒక పూటంతా తిట్టాడు.

రెండోసారి తొక్కితే పట్టుకునే బండికి లైనింగు అరిగిందనీ, కాలి కింద మెత్తగా ఉంటే పైపులో గాలి చేరిందనీ ఆయన దగ్గర విని విని మా కొత్తపేటలో సైకిలు తప్ప ఏదీ లేనివాళ్లకు కూడా తెలిసిపోయింది. మాట అయ్యాక చెప్పులు విడిచి బండి ఎక్కేవాడు. ఒట్టి కాలితో తప్ప పెడల్ తొక్కడు. ఒక ఫర్లాంగు తోలి వచ్చి, దిగి, నాలుగు చక్రాల డ్రమ్ములనూ చేతి వెనక భాగంతో తాకేవాడు. ఏది ఎక్కువ వేడిగా ఉంటే అది విడవకుండా పట్టి ఉందని లెక్క. అరచేత్తో ఎందుకు చూడవని నేనొకసారి అడిగాను.

"అరచెయ్యి నూనెల నాని మొద్దుబారింది బిడ్డా. అది అబద్ధం చెప్తది."

ఆయన ఒక్క మనిషిని పట్టుకుని 'మీరు' అనడం నేను వినలేదు. ఆఫీసరు కానీ, లారీ క్లీనరు కానీ, అందరూ నువ్వే. ఆదివారం చర్చికి పోతే ఎంతటివాడు వచ్చి నిలబడ్డా షెడ్డు తెరిచేవాడు కాదు. ఇక పని పూర్తికాని బండి తాళం ఎవరికీ ఇచ్చేవాడు కాదు. తాళాలన్నీ మొలతాడుకు కట్టుకుని తిరిగేవాడు. నడుస్తుంటే గలగలమని చప్పుడు.

ఒకసారి ద్రాక్ష వ్యాపారి ఒకాయన ఫియట్ కారులో పెళ్లికి బయలుదేరి, దారిలో కీచుమని మోత వస్తోందని మిస్త్రికి చూపించాడు. భార్య, ముగ్గురు పిల్లలు, అత్తగారు, పట్టుచీరలు. మిస్త్రి ఒక చక్రం విప్పి చూశాడు. లైనింగు పూర్తిగా అరిగిపోయి, దాన్ని పట్టి ఉంచే రివెట్లు డ్రమ్మును గీస్తున్నాయి. లైనింగు తెప్పించడానికి రేపటిదాకా పడుతుందన్నాడు.

"రేపా? పదకొండుకు సూర్యాపేటల లగ్గం! గట్లనే బిగించు, మెల్లగ పోత."

"ఇయ్య."

"నా బండి, నా పెండ్లాం పిల్లలు. నీదేం పోతది?"

"నీ బండి నీదే. రోడ్డు నీ ఒక్కనిదా?" అన్నాడు మిస్త్రి. "తాళం మొలతాడుకున్నది. దమ్ముంటే గుంజుకో."

వ్యాపారి అరిచాడు, తిట్టాడు, మీద చేయి వేయబోయాడు. మిస్త్రి నడిరోడ్డు మీదికి వెళ్లి రెండు చేతులూ చాపి నిలబడి, సూర్యాపేట పోయే బస్సును ఆపేశాడు. అత్తగారిని తానే చేయి పట్టి ఎక్కించాడు. పూల బుట్టను కిటికీలోంచి అందించాడు. బస్సు కదిలేదాకా వ్యాపారి తిడుతూనే ఉన్నాడు. మర్నాడు వచ్చి కారు తీసుకున్నప్పుడు మాత్రం అడగకముందే డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడట.

ఆయన దగ్గర పనివాళ్లు ఉండేవారు కాదు. పైపుల్లోంచి గాలి తీయాలంటే ఒకరు బండిలో కూర్చుని పెడల్ తొక్కాలి, ఇంకొకరు చక్రం దగ్గర స్క్రూ విప్పి బిగించాలి. ఆ తొక్కే పని ఆయన భార్యది. షెడ్డు వెనకే ఇల్లు. "ఏమేవ్" అని కేకేస్తే పొయ్యి మీది గిన్నె దించి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని లారీ ఎక్కేది. "కొట్టు, కొట్టు, పట్టు, ఇడువు" అని కింద నుంచి ఆయన అంటుంటే పైనుంచి ఆమె తొక్కేది. రోడ్డు మీద పోయే కొత్తవాళ్లు లారీ స్టీరింగు వెనక ఆడమనిషిని చూసి సైకిళ్లు దిగేవారు. ఆమె వాళ్లను తిరిగి చూసే చూపుకు మళ్లీ ఎక్కేవారు.

అరవై తొమ్మిదిలో నేను బి.ఎస్సీ. రెండో సంవత్సరం. కాలేజీలు మూతబడ్డాయి. గోడల నిండా జై తెలంగాణ. రోజూ ఊరేగింపులు, లాఠీలు, తర్వాత కాల్పులు. మాకు తెలిసిన ఇళ్లలోనూ పిల్లలు పోయారు. మా అన్న ఒక ఆఫీసులో తాత్కాలిక గుమాస్తా. నాలుగేళ్లు చేశాక తీసేశారు. ఆ కుర్చీలో కోస్తా నుంచి వచ్చినాయన ఎవరో కూర్చున్నాడు. తీసేస్తూ ఇచ్చిన కాగితం మీద సంతకం చేసిన ఆఫీసరుదీ ఆ వైపే. ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో కొత్తగా వేసిన కాలనీలో ఉండేవాడు. అన్న పొద్దున లేచి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఎక్కడికీ పోకుండా అరుగు మీద కూర్చునేవాడు. అది చూస్తుంటే నా లోపల ఏదో మండేది.

ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం నా స్నేహితుడు యాదగిరి పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఉద్యోగుల సమ్మెతో సర్కారు వర్క్‌షాపు మూతబడి, ఆ ఆఫీసరు జీపు మిస్త్రి షెడ్డుకు వచ్చిందట. ఇద్దరం వెళ్లాం. మాకు ధైర్యం ఎందుకంటే, షెడ్డు రేకు మీద డాంబరుతో జై తెలంగాణ అని మిస్త్రి తానే రాసుకున్నాడు. మా మనిషి అనుకున్నాం.

"కాకా, గీ జీపు ఎవరిదో ఎరుకేనా?" అన్నాను.

"ఎరుకే."

"మా అన్న నౌకరి తీసింది గీయననే."

"గది సుత ఎరుకే."

యాదగిరి గొంతు తగ్గించాడు. "ఏదన్న జర ఢీలా చెయ్యి కాకా. బ్రేకు ఫెయిలయిందనుకుంటరు. ఎవరికి తెలుస్తది?"

మిస్త్రి పాతగుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. ఒక్కో వేలూ తుడిచాడు. కోప్పడలేదు. నా వైపు తిరిగి, "నీకు తోల్తానికొస్తదా?" అన్నాడు.

మామయ్య ద్రాక్ష తోటలో ట్రాక్టరు తోలిన అనుభవం ఉంది. వస్తుందన్నాను.

ఆయన జీపు కిందికి దూరి వెనక చక్రం దగ్గర ఒక స్క్రూ వదులు చేశాడు. నన్ను పెడల్ కొట్టమన్నాడు. మట్టిలో బ్రేకు నూనె కారింది. యాదగిరి నన్ను చూసి కన్ను గీటాడు. మా పని అయిందనుకున్నాం.

"ఎక్కు. తోలు," అన్నాడు మిస్త్రి. యాదగిరిని షెడ్డులోనే ఉండమని, తాను నా పక్కన కూర్చున్నాడు. స్టీరింగు ఎడమవైపున ఉండే పాత జీపు అది. చేతిబ్రేకు పిడి ముందు పలకలో మధ్యన ఉంటుంది. దాని మీద చేయి వేసుకున్నాడు.

సరూర్‌నగర్ చెరువు వైపు దిగే మట్టిరోడ్డు ఒకటి ఉండేది. పైకి తీసుకెళ్లి గేరు తీసేయమన్నాడు. జీపు దానంతట అదే దిగడం మొదలుపెట్టింది. మొదట మెల్లగా, తర్వాత చెవుల్లో గాలి మోగేంత.

"ఇగ బ్రేకు తొక్కు."

తొక్కాను. కాలు నేరుగా పోయి నేలకు తగిలింది. కింద ఏమీ లేదు. మెట్టు ఉందనుకుని చీకట్లో కాలు వేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. మళ్లీ తొక్కాను, మళ్లీ, మళ్లీ. అప్పుడు కింద, మలుపులో, తుమ్మచెట్ల మధ్య నుంచి ఒక ముసలామె మేకలను తోలుకుంటూ రోడ్డెక్కింది. పది పన్నెండు మేకలు రోడ్డు నిండా పరుచుకున్నాయి. నేను అరిచాను. హారను కొట్టడం కూడా తోచలేదు. "కాకా, కాకా" అని మాత్రం అరిచాను.

ఆయన పిడిని రెండు చేతులతో గుంజాడు. కింద ఏదో కాలిన వాసన వచ్చింది. జీపు అడ్డంగా జారి, ముసలామెకు రెండు బారల దూరంలో ఆగింది.

"నీ కండ్లు పోను! మేకల మీదికెల్లి తోల్తవారా!" అని ఆమె కర్ర ఎత్తింది.

మిస్త్రి బీడీ తీశాడు. ముట్టించబోతే రెండు పుల్లలు ఆరిపోయాయి. మూడో పుల్ల వెలిగాక అన్నాడు.

"దిగు. పోయి ఆమెనడుగు, ఆమెది ఆంధ్రనా తెలంగాణనా అని."

నేను దిగలేదు. ఆయన దిగి ఇటు వస్తే పక్క సీటుకు జరిగాను.

మొదటి గేరులో, నడక వేగంతో, జీపును ఆయనే వెనక్కి తెచ్చాడు. షెడ్డులో మా ఇద్దరినీ డబ్బాల మీద కూర్చోబెట్టి, వదులు చేసిన స్క్రూ బిగించి, మా కళ్ల ముందే అసలు పని మొదలుపెట్టాడు. జీపుకు అసలు జబ్బు ఏమిటంటే, బ్రేకు వేస్తే ఎడమకు గుంజుతోంది. అందరూ ఎడమ చక్రం విప్పుతారు. మిస్త్రి కుడిది విప్పాడు. లోపల నూనె కారి లైనింగు తడిసిపోయి ఉంది.

"ఎడమది పట్టుకుంటున్నది గనుకనే అటు గుంజుతున్నది. పట్టనిది ఇది," అన్నాడు, కోపం మరిచిపోయి, మాకు పాఠం చెబుతున్నట్టు. అంతలోనే కోపం గుర్తొచ్చింది. "ఆయనతోని కొట్లాడాల్నంటే ఆఫీసుకు పోండ్రి. ముంగటికెళ్లి పోండ్రి. పేరు చెప్పి కొట్లాడుండ్రి. నేను సుత ఒస్త. గీ దొంగపని నా షెడ్డుల కాదు."

భార్య వచ్చి పెడల్ తొక్కింది. పని పూర్తయ్యేసరికి పొద్దు వాలింది. ఆఫీసరు డ్రైవరును వెంటబెట్టుకుని రిక్షాలో దిగాడు. యాభై ఏళ్ల మనిషి. రోడ్డు మీద తిరగడానికి భయపడుతున్నట్టు చుట్టూ చూస్తున్నాడు.

"ఏమయ్యా, అయిందా? చీకటి పడకముందే ఇంటికి చేరాలి నేను," అన్నాడు.

మిస్త్రి మొలతాడు నుంచి తాళం విప్పాడు. చేతికి ఇవ్వలేదు.

"అయింది సారూ. గని ఒక మాట. నాలుగేండ్లు చేసిన పోరగాండ్ల నౌకర్లు ఎందుకు తీసినవ్?"

ఆఫీసరు ఒక అడుగు వెనక్కి వేశాడు. "నేను తీయడమేమిటయ్యా? పైనుంచి కాయితం వచ్చింది. నా చేతిలో ఏముంది?"

"కాయితం మీద దస్కత్ ఎవరిది?"

ఆఫీసరు తాళం వైపు చూస్తూ, "నాదే," అన్నాడు.

"గదే అడిగిన," అని మిస్త్రి తాళం చేతిలో పెట్టాడు. "బ్రేకులు మంచిగున్నయి. బేఫికర్‌గ పో. జై తెలంగాణ."

ఆఫీసరు జీపు ఎక్కాడు. డ్రైవరు మాత్రం డబ్బాల మీద కూర్చున్న మా ఇద్దరినీ ఒకసారి పరీక్షగా చూశాడు.

వారం తిరిగిందో లేదో, ఆఫీసు ముందు నిలబెట్టి ఉన్న ఆ జీపును ఎవరో తగలబెట్టారు. మేము కాదు. ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. పోలీసులు డ్రైవరును అడిగితే, మిస్త్రి షెడ్డులో కూర్చున్న ఇద్దరు కాలేజీ పిల్లల సంగతి చెప్పాడు. ఆ ఇద్దరి పేర్లు చెప్పమని మర్నాడు పొద్దున మిస్త్రిని ఠాణాకు పట్టుకుపోయారు.

ఆ వార్త వినగానే నేను చేసిన పని రాయకుండా దాటేయడానికి లేదు. అల్మాస్‌గూడలో మా మేనత్త ఇంటికి పారిపోయాను. మూడు రోజులు పశువుల కొట్టంలో, గడ్డివాము వెనక ఉన్నాను. యాదగిరి ఇంకో దిక్కుకు పోయాడు. మిస్త్రికి నా పేరు తెలుసు, మా ఇల్లు తెలుసు, మా నాన్న తెలుసు. ప్రతి సైకిలు చప్పుడుకూ లేచి నిలబడ్డాను. ఎవరూ రాలేదు.

నాలుగో రోజు ఆయన్ను వదిలిపెట్టారని తెలిసి కొత్తపేటకు వచ్చాను. ధైర్యం కూడగట్టుకుని షెడ్డుకు పోతే, ముందు జనం మూగి ఉన్నారు. ఎవరికో ఏదో అయిందనుకున్నాను. దగ్గరికి పోయి చూస్తే పోలీసు వ్యాను. దాని పక్కన ఠాణా ఎస్సై. మిస్త్రి కుడిచేతికి మోచేతి దాకా కట్టు. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. డబ్బా మీద కూర్చుని వ్యాను డ్రైవరును అడుగుతున్నాడు.

"తొక్కితే మెత్తగుంటున్నదా? ఎప్పటిసంది?"

వ్యాను బ్రేకులు సగమే పడుతున్నాయట. సమ్మె మూలంగా చుట్టుపక్కల చేసేవాడు ఇంకెవడూ లేడట. తాము చేయి విరగ్గొట్టిన మనిషి దగ్గరికే రావలసి వచ్చింది. జనంలోంచి ఎవరో, "చెయ్యకు మిస్త్రీ, పోనియ్యి చావనియ్యి" అని అరిచారు.

"బ్రేకుల్లేని బండి కింద చచ్చేది పోలీసోడా? మీరు, నేను," అన్నాడు మిస్త్రి. ఎడమచేత్తో పానా అందుకుని చక్రం దగ్గరికి జరిగాడు. ఒక పైపు కీలు దగ్గర కారుతోంది. దాన్ని బిగించి, కొత్త నూనె పోయించి, "ఏమేవ్" అని కేకేశాడు.

ఆమె వాకిట్లోకి వచ్చి నిలబడింది. వ్యానును చూసింది, ఎస్సైని చూసింది.

"నా మొగని చెయ్యి ఇరగ్గొట్టినోని బండి నేను తొక్క," అంది. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

జనంలో కలకలం రేగింది. మిస్త్రి తాపీగా ఎస్సై వైపు తిరిగాడు.

"ఇన్నవు గద. డ్రైవరు నూనె సీసా పట్టుకోవాలె, నాకు ఒక్కటే చెయ్యి ఉన్నది. ఇగ నువ్వే ఎక్కి తొక్కాలె."

"నేనా?" అన్నాడు ఎస్సై.

"తొక్కకుంటే పోయిరా. గాలితోనే తిరుగు."

ఎస్సై చుట్టూ చూశాడు. టోపీ తీసి సీటు మీద పెట్టి, ఎక్కి కూర్చున్నాడు.

"కొట్టు!" అన్నాడు మిస్త్రి. గొంతు రోడ్డు అవతలి దాకా వినిపించింది. "కొట్టు! ఇంకోటి కొట్టు! పట్టు! నేను చెప్పేదాక ఇడువకు! ఆఁ, ఇడువు! మల్ల కొట్టు!"

ఎస్సై కొట్టమంటే కొట్టాడు, పట్టమంటే పట్టాడు, విడవమంటే విడిచాడు. మెడ మీద చెమట కారింది. నేను జనంలోంచి ముందుకు జరిగి, డ్రైవరు పట్టుకున్న గాజుసీసా వైపు చూశాను. గాలి ఉన్నంతసేపే అందులో బుడగలు రావాలి. బుడగలు ఎప్పుడో ఆగిపోయాయి. మిస్త్రి ఆ సీసాను నాకంటే ముందే చూశాడు.

"ఇంకా గాలున్నది," అన్నాడు. "కొట్టు!"

ఇంకో అరగంట కొట్టించాడు. మొదట ఒకరిద్దరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. తర్వాత కొత్తపేట బజారు మొత్తం "కొట్టు", "పట్టు" అని ఆయనతో గొంతు కలిపింది. ఆ రోజుల్లో చిన్న ఊరేగింపు కనిపించినా లాఠీలు ఎత్తేవారు. ఆ పూట మేం అంతమందిమి గొంతెత్తి అరుస్తుంటే ఎస్సై దించిన కాలు ఎత్తుతూ, ఎత్తిన కాలు దించుతూ కూర్చున్నాడు.

వ్యాను పోయాక జనం చెదిరారు. నేను మిగిలాను. ఆయన ఎదుట నిలబడి, పొద్దుటి నుంచి వల్లించుకున్న మాట చెప్పాను.

"కాకా, నేను ఠాణకు పోత. నీ షెడ్డుకు ఒచ్చింది నేనే అని చెప్పేస్త."

"చెప్పి?"

నేను వంగి కింద పడి ఉన్న పానా తీసి ఆయనకు అందించాను.

"మూడు దినాలు నేను నోరు మూసుకున్నది, నువ్వు పోయి తెరిచేటందుకా?" ఆయన ఎడమచేత్తో పనిముట్లు ఒక్కొక్కటే డబ్బాలో వేస్తున్నాడు. "నేను కొట్టిచ్చుకున్నది ఖరాబు చెయ్యకు. గంత రోషముంటే నేను చెప్పిన తొవ్వల పో."

"ఏ తొవ్వ?"

"ముంగటి తొవ్వ."

ఆ తర్వాతి సోమవారం అన్న, నేను, యాదగిరి, ఉద్యోగాలు పోయిన ఇంకో ఇరవై మంది ఆ ఆఫీసు గేటు ముందు కూర్చున్నాం. రాళ్లు లేవు, అగ్గిపెట్టెలు లేవు. కూర్చుని, ఉద్యోగాలు తీసేయమని పైనుంచి వచ్చిన కాగితం చూపించమని అడిగాం, అంతే. పది గంటలకు మిస్త్రి వచ్చాడు. కట్టుచేయి మెడకు వేలాడుతోంది. ఇంకో చేతిలో టిఫిను డబ్బా. నా పక్కనే చతికిలబడ్డాడు.

"నీ నౌకరి ఏం పోయింది కాకా?" అని అన్న అడిగాడు.

"ఒస్తనన్న గద. ఒచ్చిన."

మధ్యాహ్నం ఆఫీసరు బయటికి వచ్చి గేటు లోపల నిలబడ్డాడు. మిస్త్రిని చూశాడు, ఆయన చేయి చూశాడు. తిరిగి లోపలికి పోయాడు. మూడింటికి పోలీసులు వచ్చి వరుసగా పేర్లు రాసుకున్నారు. నా వంతు వచ్చినప్పుడు నా పేరు, మా నాన్న పేరు, కొత్తపేటలో ఇంటి గుర్తు, అన్నీ అడగకముందే గట్టిగా చెప్పాను. మిస్త్రి వంతు వచ్చింది.

"పేరు?"

"బ్రేకుల మిస్త్రి."

"అసలు పేరు చెప్పవయ్యా."

"విజయవాడ రోడ్డు మీద యాడనన్న అడుగు. గిదే చెప్తరు."

అదే రాసుకున్నారు.

పదకొండు రోజులు జైల్లో ఉన్నాం. అన్నకు ఆ ఉద్యోగం తిరిగి రాలేదు. రెండేళ్ల తర్వాత ఇంకో ఆఫీసులో ఇంకోటి దొరికింది. నాకు ఒక ఏడాది చదువు పోయింది. కట్టు విప్పాక చూస్తే ఆయన కుడిచేతి వేళ్లు రెండు సరిగా అతకలేదు. మిస్త్రి పానాను ఎడమచేతికి మార్చుకుని ఇంకో పాతికేళ్లు బ్రేకులు చేశాడు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు షెడ్డు పోయింది. అప్పుడు కూడా కొలతలు తీయడానికి వచ్చినవాళ్ల జీపు బ్రేకులు బాగాలేవని తాళం లాక్కుని, వాళ్లను బస్సులో పంపాడని చెప్పుకునేవారు. నేను చూడలేదు కానీ నమ్ముతాను.

చివరిసారి ఆయన్ను బడంగ్‌పేట్‌లో, ఆయన కూతురు ఇంట్లో చూశాను. అప్పటికి భార్య లేదు. చెవులు బాగానే వినపడేవి. బయట బండి ఏదైనా ఆగితే మాట ఆపి ఆ చప్పుడు వినేవాడు, ముఖం చిట్లించేవాడు, మళ్లీ మాట్లాడేవాడు. నేనప్పటికి రిటైరయ్యాను. ఇన్నేళ్లుగా అడగలేకపోయిన మాట ఆ రోజు అడిగాను.

"కాకా, ఆ మూడు రోజులు గంత కొట్టిన్రు. నీ షెడ్డుల చెయ్యరాని పని చెయ్యమని అడిగినోన్ని నేను. నా పేరెందుకు చెప్పలె?"

ఆయన అంత చిన్న సంగతి ఇన్నేళ్లు మోశావా అన్నట్టు చూశాడు.

"అడిగినోడు మంచిగ అడగలె," అన్నాడు.

"మంచిగ అడిగితే చెప్తుంటివా?"

"మంచిగ అడిగితే," అన్నాడు మిస్త్రి, "మంచిగనే చెప్పనంటుంటి."